ఈత కొలనులో ఎరువు నీరు

మన వరంగల్ ప్రాంతములో ఈత అంటే బావి ఈతయే. మోట బావిలోనో, చెరువు తూము దగ్గరనో, నడుముకు బెండ్లు కట్టుకొని, పెద్దవారెవరో వెనుకనుంచి తోయగా నేర్చుకొన్నవారే పాతతరములో ఎక్కువమంది. ఇప్పుడు మోటలు పోయినవి. బోర్లు వచ్చి చాల బావులు అడుగంటినవి. అడుగంటని బావుల వద్దకు పిల్లలను పంపుటకు తల్లిదండ్రులు జంకుతున్నారు. ఆ వేడుక మరొక రూపములో తిరిగి వచ్చింది. హనుమకొండ, కాజీపేట పొలిమేరలు దాటిన తరువాత, తోటల మధ్య కట్టుకొన్న ఇళ్ళలో నీలిపలకల ఈత కొలనులు అక్కడక్కడ కనబడుతున్నవి. కొందరు తమ పిల్లల కొరకు కట్టుకొన్నారు. కొందరు అతిథులకు అద్దెకిచ్చుటకు కట్టించారు.

అయితే ఆ కొలను చుట్టూ ఉన్న నేల మాత్రము మారలేదు. ఒకవైపు పత్తి, ఒకవైపు మిర్చి, దిగువన వరి. తొలకరి రెండు వానలు పడగానే పత్తి మొదళ్ళలో యూరియా పడుతుంది. మూడవ వానకు కొలను పచ్చబడుతుంది. ఇంటివారు బ్లీచింగ్ పౌడరు తెచ్చి పోస్తారు. ఒక పూట తేటపడినట్లు కనిపించి మరునాటికి మళ్ళీ మొదటికి వస్తుంది. మరి రెండు కిలోలు పోస్తారు. కళ్ళు మండుతాయి, ఘాటు ముక్కుకు తగులుతుంది, పచ్చదనము మాత్రము పోదు. ఇది ఎందుకు జరుగుతున్నదో, ఏమి చేయవలెనో ఈ పూట చెప్పదలచుకొన్నాము. మాకు కొలను లేదు గదా అని శ్రోతలెవరూ రేడియో కట్టివేయనక్కరలేదు. బోరు ఉన్న ప్రతి ఇంటికి ఈ విషయముతో సంబంధము ఉన్నది. ఆ సంగతి చివర వస్తుంది.

ముందుగా ఒక చిన్న లెక్క. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు గల కొలనులో 48 వేల లీటర్ల నీరు పడుతుంది. అందులో ఒక్క కిలో యూరియా కలిసినదనుకొనండి. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్ళు. అనగా 460 గ్రాములు. ఎకరా వరికి 40 కిలోలకు పైగా నత్రజని వేసే రైతు కంటికి ఇది చేతికి అంటిన దుమ్ముతో సమానము. కాని పొలము కొలత వేరు, నీటి కొలత వేరు. 48 వేల లీటర్లలో 460 గ్రాములంటే లీటరుకు సుమారు 9.6 మిల్లీగ్రాములు. ఈత కొలనులో రోగక్రిములను చంపుటకై ఉంచే క్లోరిన్ లీటరుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములు మాత్రమే. కావలివాడు ఒక్కడు, దోపిడికి వచ్చినవారు పలువురు అన్నట్లున్నది.

యూరియా నీటిలో పడిన వెంటనే ఏమీ చేయదు. రంగు లేదు, వాసన లేదు. అమ్మోనియా కొరకు పరీక్షించినా మొదట కనబడదు. క్రమముగా సూక్ష్మజీవుల చర్యవలన అది అమ్మోనియాగా విడుతుంది. ఈ అమ్మోనియా క్లోరిన్‌ను పట్టుకొని క్లోరమైనులు అనే పదార్థములుగా మార్చివేస్తుంది. వీటికి క్రిములను చంపే శక్తి చాల తక్కువ, కళ్ళను గొంతును మండించే శక్తి ఎక్కువ. కొలను గట్టున నిలబడి, అబ్బ, ఎంత క్లోరిన్ వాసన అని మనము ముక్కు మూసుకొనేది నిజమునకు ఈ క్లోరమైనుల వాసనకే. తగినంత క్లోరిన్ స్వేచ్ఛగా ఉన్న శుభ్రమైన నీటికి అంత వాసన ఉండదు. ఈ వాసన చూచి మందు ఎక్కువైనదని వేయుట మానివేసేవారున్నారు. మందు ఎక్కువైతే మంచిదే గదా అని పిల్లలను ధైర్యముగా దింపేవారున్నారు. ఇద్దరూ పొరబడినట్లే. ఘాటుగా వాసన వస్తున్నదంటే కావలి లేదని అర్థము. విరేచనములు, చెవిపోటు, కండ్లకలక తెచ్చే క్రిములు అటువంటి నీటిలో నిశ్చింతగా బ్రతుకగలవు.

మరి ఆ అమ్మోనియానంతటిని క్లోరిన్‌తోనే తొలగించరాదా? లెక్క ప్రకారము తొలగించవచ్చును. ఒక పాలు అమ్మోనియా నత్రజనిని పూర్తిగా పోగొట్టుటకు వాడుకలో సుమారు పది పాళ్ళ క్లోరిన్ కావలెను. మన 460 గ్రాములకు 4.6 కిలోల క్లోరిన్. తాజా బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ మూడవవంతు ఉంటుంది గనుక 14 కిలోల పౌడరు. మామూలు రోజున ఇదే కొలనుకు 300 గ్రాములు చాలును! అంతకు తక్కువ పోసినంతకాలము అమ్మోనియా పోదు, క్లోరమైనులు పెరుగుతాయి. దినమునకు రెండేసి కిలోలు పోసి, ఫలితము కానక, పౌడరు నకిలీదని అంగడివానితో తగవులాడుటకు వెనుక ఉన్న రసాయనము ఇది. పౌడరు నకిలీది కాకపోవచ్చును. పాతబడినదైతే మాత్రము దానిలో సత్తువ సగము కూడా మిగలదు.

డి.ఎ.పి. తీరు మరొకటి. దానిలో నత్రజనితోపాటు భాస్వరము ఉన్నది. మూలకముగా లెక్కించితే కిలోకు 200 గ్రాములు. మన కొలనులో పడితే లీటరుకు 4 మిల్లీగ్రాములకు పైగా వస్తుంది. నీటిలో భాస్వరము లీటరుకు 0.03 మిల్లీగ్రాముల ప్రాంతమునకు వచ్చేసరికే సరస్సులలో నాచు విజృంభిస్తుందని జలశాస్త్రజ్ఞులు గమనించారు. అంటే మనము కొలనులో ఉన్న నాచుకు అవసరమైనదానికి నూరు రెట్ల మేత వేసినట్లయినది. నత్రజని కావలివానిని పడగొడుతుంది, భాస్వరము దొంగకు అన్నము పెడుతుంది. కాంప్లెక్స్ ఎరువులలో రెండూ ఉంటాయి. ఒక్క పొటాష్ మాత్రము కొలనుకు పెద్దగా హాని చేయదు.

ఎరువు కొలనులోనికి వచ్చే దారులు పరిశీలిస్తే కొన్ని ఆశ్చర్యము కలిగిస్తాయి. గాలివాటున చేతితో చల్లిన యూరియా గట్టు దాటి పడుట, కొలను చుట్టూ పెంచిన పచ్చికకు వేసిన ఎరువు వానకు కొట్టుకొని వచ్చుట అందరూ ఊహించగలిగినవే. మేము కార్యక్రమముల నిమిత్తము గ్రామములకు పోయినప్పుడు తరచుగా చూచేది మరొకటి ఉన్నది: ఖాళీ అయిన యూరియా సంచులను నీటి తొట్టిలోనే ముంచి ఉతుకుట. ఆ సంచి గట్టిది, నునుపైనది, ఇంటిలో నూరు పనులకు వస్తుంది. ఉతుకవద్దని ఎవరు చెప్పగలరు? తొట్టిలో ముంచక, చెట్టు మొదట ఉతికితే చెట్టుకు ఉపకారము.

అన్నిటికంటె కనబడని దారి బిందు సేద్యముది. ఎరువును నీటిలో కరిగించి గొట్టములద్వారా మొక్కల మొదళ్ళకు పంపుట మంచి పద్ధతి, పొదుపైన పద్ధతి. కాని కరెంటు పోయి మోటారు ఆగినప్పుడు గొట్టములోని నీరు వెనుకకు జారుతుంది. ఎరువు కలిపే తొట్టి నుంచి ద్రావణము కూడ దానివెంట బోరులోనికి దిగిపోవచ్చును. నీటిని ముందుకే పోనిచ్చి వెనుకకు రానీయని నాన్ రిటర్న్ వాల్వు అక్కడ ఉండవలెను. ఉన్నది, కాని పనిచేయుట లేదు అనేది కూడ లేనిదానితో సమానమే. కొలను నింపేది అదే బోరు నీటితో అయినప్పుడు, గట్టు ఎంత ఎత్తు కట్టినా ప్రయోజనమేమి?

ఇక చేయవలసినది. ఎరువు పడినదని తెలిసిన మరుక్షణము నీటిలో ఉన్నవారినందరిని బయటకు రప్పించి మంచినీటితో స్నానము చేయించవలెను. ఆ తరువాత పడినదేమిటో సంచి మీద చదివి తెలుసుకొనవలెను. అది ఎరువు కాక పురుగుమందో, కలుపు మందో అయితే ఈ ప్రసంగములో చెప్పేది దానికి వర్తించదు. ఎవరినీ దగ్గరకు రానీయక, డబ్బా మీది పేరుతో వైద్యుని, వ్యవసాయాధికారిని సంప్రదించవలెను. ఎరువే అయి, గుళికలు అడుగున ఇంకా కనబడుతూ ఉంటే, నీటిని కలియబెట్టక, గొట్టముతో అడుగు నీటిని పీల్చి బయటకు పోయనీయవలెను. డి.ఎ.పి. గుళికలు యూరియా కంటె నిదానముగా కరుగుతాయి గనుక త్వరపడినవారికి చాలవరకు దొరుకుతాయి.

వెంటనే బ్లీచింగ్ పౌడరు పోయుట మాత్రము కూడదు. ఇక్కడ ఒక ప్రమాదమును గురించి గట్టిగా చెప్పవలసి ఉన్నది. తోట ఇళ్ళలో ఒకే కొట్టులో ఒక మూల యూరియా బస్తా, మరొక మూల బ్లీచింగ్ పౌడరు ఉంటాయి. రెండూ తెల్లనివే, రెండింటికీ ఒకటే కొలపాత్ర. యూరియా గాని, అమ్మోనియా గల మరే ఎరువు గాని బ్లీచింగ్ పౌడరుతో కలిసి తడి తగిలినదంటే నైట్రోజన్ ట్రైక్లోరైడు అనే పదార్థము పుట్టవచ్చును. దాని ఆవిరి ఊపిరితిత్తులకు విషము. అది తనంత తాను పేలిపోయే స్వభావము కలది. పెద్ద కొలనులో పలుచబడిన ఎరువుతో ఇట్టి పేలుడు భయము లేదు గాని, బక్కెటులో, డబ్బాలో, నేలమీద చిక్కగా కలిసినప్పుడు ఉన్నది. కాబట్టి కింద చిందిన యూరియాపై శుభ్రపడుతుందని పౌడరు చల్లరాదు. ఒకదానిని తీసిన పాత్రతో మరొకదానిని తీయరాదు. రెండింటిని రెండు వేరు గదులలో, తడి తగలని చోట, పిల్లల చేతికందని ఎత్తులో ఉంచవలెను. ఈ ప్రసంగములో మిగిలినదంతా మరచినా మేము నొచ్చుకొనము. ఈ ఒక్కటి మరువవద్దు.

కరిగిపోయిన ఎరువుకు చౌకైన మందు నీరే. ఉన్న నీటిని తీసివేసి కొత్త నీరు పట్టుట. కాని వానాకాలములో కొలనును పూర్తిగా ఖాళీ చేయరాదు. నేలలోని నీరు పైకి ఉబికి ఉన్న రోజులలో ఖాళీ కొలను అడుగు పగులవచ్చును, పైకి లేవవచ్చును కూడ. నాలుగవవంతు నీరు ఉంచి మిగిలినది తోడి నింపితే 9.6 మిల్లీగ్రాములు 2.4కు దిగుతుంది, మరొకసారి అట్లే చేస్తే 0.6. అప్పుడు కొలనులో మిగిలేది 30 గ్రాముల లోపు నత్రజని. దానిని తుదముట్టించుటకు కిలోకు మించని బ్లీచింగ్ పౌడరు చాలును. 14 కిలోల పని కిలోకు వచ్చింది. ఆ కిలోను సాయంకాలము, ఎండ తగ్గిన తరువాత, బక్కెటు నీటిలో కలిపి, తేట నీటిని మాత్రము కొలను చుట్టూ పోయవలెను. నీటి ఆమ్లక్షార సూచి, అనగా పి.హెచ్., 7.2కు 7.8కు మధ్య ఉన్నదో లేదో చూచుకొనవలెను. స్వేచ్ఛా క్లోరిన్ నిలిచి, వాసన పోయి, అడుగు పలకలు స్పష్టముగా కనబడేవరకు ఎవరినీ దింపరాదు.

భాస్వరమునకు క్లోరిన్ పనిచేయదు, పటిక పనిచేస్తుంది. పటికలోని అల్యూమినియము భాస్వరమును పట్టుకొని మడ్డిగా అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని కదలనీయక పీల్చి బయటకు పంపితేనే ఫలితము. మన పెద్దలు కలక నీటిని తేర్చుటకు వాడిన చిల్లగింజ మంచి వస్తువే గాని, అది తేర్చేది మట్టిని. కరిగి ఉన్న ఎరువు దానికి లొంగదు. పాచి చంపుటకు మైలుతుత్తము వేసేవారున్నారు. పాచి చస్తుంది, నిజమే. చచ్చిన పాచి కుళ్ళి తాను తిన్న భాస్వరమును తిరిగి నీటికే అప్పగిస్తుంది, రాగి మాత్రము కొలనులో మిగిలిపోతుంది. ఆ నీరు చెరువులోనికి పోతే చేపలకు ముప్పు.

ఇప్పుడు అసలు ప్రశ్న. తోడిన నీరు ఎక్కడికి పోవలెను? సాధారణముగా గొట్టమును ప్రహరి అవతలికి వేసి చేతులు దులుపుకొంటారు. ప్రహరి అవతల పొరుగువారి బావి ఉండవచ్చును, కుంటకు పోయే కాలువ ఉండవచ్చును. ఇందాకటి లెక్కను మరొకసారి తలచుకొనండి: కొలనునంతటిని పాడుచేసిన ఆ 460 గ్రాముల నత్రజని ఎకరా వరికి చిటికెడు. క్లోరిన్ వేయక రెండు మూడు దినములు ఎండలో ఉంచిన ఆ నీటిని పొలమునకో, తోటకో, పలుచగా పారించితే పంటకు ఏ హాని లేదు. ఎరువు పోవలసిన చోటికే పోయినట్లు. చెరువు పూడిక మట్టిని బండ్లతో పొలమునకు తోలుకొన్న మన రైతులకు ఇది కొత్త విషయము కాదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో కూడ పూడిక పొలములకే చేరినది. పొలములనుంచి, ఊరినుంచి కొట్టుకొనివచ్చిన భాస్వరములో అధికభాగము ఆ పూడికలోనే నిలువ ఉంటుంది.

ఆ నిలువ ఏమి చేయగలదో వరంగల్ వాసులకు వేరే చెప్పనక్కరలేదు. భద్రకాళి చెరువు కాకతీయుల నాటిది, నగరమునకు తాగునీరిచ్చినది. ఊరి మురుగులో కూడ నత్రజని, భాస్వరములున్నవి. చెరువుకు ఎరువు బస్తాలు వేసినా, మురుగు కాలువ వదిలినా నీటికి తెలిసే భేదము స్వల్పము. గుర్రపుడెక్క అల్లుకొని, నీరు కనబడని రోజులు మనము చూచినాము. 2024 నవంబరులో పూడిక తీయుటకై ఆ చెరువు నీటిని వదలివేసినారు. ఇంటి కొలనుకు రెండు దినముల పని చెరువుకు నెలల తరబడి పని అయినది. అమెరికాలో టొలీడో అనే నగరము ఈరీ సరస్సు నీరు తాగుతుంది. ఎగువ పొలముల భాస్వరముతో బలిసిన నాచు ఆ నీటిలో విషము విడువగా, 2014 ఆగస్టులో సుమారు 4 లక్షల జనమును, కుళాయి నీరు తాగవద్దు, కాచి కూడ తాగవద్దు అని దాదాపు మూడు దినములు హెచ్చరించవలసి వచ్చింది.

చెరువు పచ్చబడితే కంటికి కనబడుతుంది. కనబడనిది బోరు నీరు. నేలలో పంటకు అందక మిగిలిన నత్రజని నైట్రేటుగా మారి, వాననీటితో కిందికి దిగి, బోరు నీటిలో చేరుతుంది. పెంటకుప్పలు, మరుగుదొడ్ల గుంతలు దానికి తోడు. నైట్రేటుకు రంగు రుచి లేవు. క్లోరిన్‌కు పోదు, పటికకు పోదు, గుడ్డతో వడకట్టినా పోదు. కాచితే నీరు ఆవిరి అయి నైట్రేటు ఇంకా చిక్కబడుతుంది. భారత ప్రమాణముల ప్రకారము తాగే నీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదు. కేంద్ర భూగర్భ జల మండలి 2024లో వెలువరించిన నివేదికలో తెలంగాణ నమూనాలలో నాలుగవవంతుకు పైగా ఈ హద్దు దాటినవి. దేశములో నైట్రేటు మిక్కిలిగా ఉన్న 15 జిల్లాలను పేర్కొన్నప్పుడు మన రాష్ట్రమునుంచి రంగారెడ్డి, ఆదిలాబాద్, సిద్దిపేట అందులో చేరినవి. వరంగల్ పేరు లేదని సంతోషించుటకు వీలులేదు. జిల్లా సగటు వేరు, మన పెరటి బోరు వేరు.

పెద్దవారికి వెంటనే హాని కనబడదు. ఆరు నెలల లోపు శిశువు మాట వేరు. డబ్బా పాలు కలుపుటకు అట్టి నీరు వాడితే, నైట్రేటు బిడ్డ కడుపులో నైట్రైటుగా మారి రక్తములోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది. అది ప్రాణవాయువును మోయలేదు. బిడ్డ పెదవులు, గోళ్ళు నీలిబారుతాయి. అమెరికాలో అయోవా రాష్ట్రపు పల్లె బావుల నీటికి ఈ వ్యాధికి గల సంబంధమును 1945లో హంటర్ కామ్లీ అనే వైద్యుడు మొదట బయటపెట్టాడు.  నీలిబారిన బిడ్డను చూచి, ఆ బిడ్డకు పట్టే పాలలోని నీటిని గూర్చి అడిగినాడు, అంతే. తల్లిపాలు తాగే బిడ్డకు ఈ భయము చాల తక్కువ.

ఇందువలననే ఈత కొలను మాటెత్తి ఇంత దూరము వచ్చినాము. గాలికి, వానకు, గట్టుకు, సంచికి ఏ దోషము లేకుండ, కొత్తగా నింపిన నీరు కూడ వారము తిరుగకముందే పచ్చబడుతున్నదంటే, ముందుగా అనుమానించవలసినది బోరును. కొలను ఆ ఇంటివారికి కానుకగా ఇచ్చిన హెచ్చరిక అది. నీటి పరీక్షకు ఎక్కువ శ్రమ లేదు. మోటారును కొంతసేపు నడిపించి, శుభ్రమైన సీసాను అదే నీటితో మూడు మార్లు తొలిచి, నింపి మూత బిగించి, చల్లగా ఉంచి, అదే దినము గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షాశాలకు చేర్చవలెను. సీసా మీద బోరు ఉన్న చోటు, తేదీ వ్రాసి, నైట్రేటు చూడవలెనని ప్రత్యేకముగా అడుగవలెను. వానలకు ముందొకసారి, వానలు వెనుకబట్టిన తరువాత ఒకసారి చూపించుకొంటే భేదము తెలుస్తుంది. ఇంటిలో నీటిని వడపోసే యంత్రములలో ఆర్.ఓ. పద్ధతి నైట్రేటును చాలవరకు తగ్గిస్తుంది; అతినీలలోహిత కిరణముల దీపము, కొవ్వొత్తి వంటి వడపోత గొట్టము తగ్గించవు. ఫలితము 45 దాటి, ఆ ఇంట చంటిబిడ్డ ఉన్నట్లయితే, పాలు కలుపుటకు, మందు కలుపుటకు ఆ పూటనుంచే పరీక్షించిన వేరు నీరు తెచ్చుకొనవలెను. కొలను సంగతి తరువాత చూచుకొనవచ్చును.